మరీ బాగా వచ్చిన కేకు

కేకు అద్భుతంగా వచ్చింది. గొడవంతా అక్కడే మొదలైంది.

"ఎవరూ ముట్టుకోకండి!"

వీరేంద్ర అరిచిన అరుపుకి, అంచు ముక్క కోసుకుందామని కత్తి పట్టుకుని వంగిన అతని కూతురు సాయిదుర్గ అలాగే బిగుసుకుపోయింది. వంటింటి గట్టు మీద కేకు బంగారు రంగులో, బొద్దుగా, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేచేంత మెత్తగా ఉంది.

"ఏటండీ మీ గోల?" అంది అతని భార్య ఈశ్వరి. "పొద్దుట్నుంచి మూడు తగలేస్తే నాలుగోది కుదిరింది. దిష్టెట్టకండి."

"అదే నా అనుమానం. ఇంత బాగా ఎలాగొచ్చింది?"

"అంటే నాకు సేతకాదంటారా?"

"గోధుమ లేకుండా కేకు ఇలాగ పొంగదు ఈశ్వరీ. ఇందులో మైదా ఉంది."

సాయిదుర్గ చేతిలోని కత్తి కిందికి దిగింది.

ఆ పిల్లకు ఆ రోజుతో ఎనిమిదేళ్లు నిండాయి. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, ఏది తిన్నా కడుపు ఉబ్బి వారం రోజులు మంచాన పడుతుంది. వాటిలో ఉండే గ్లూటెన్ పడదని, అలవాటు చేస్తే పోయే జబ్బు కాదని ఏడాది కిందట డాక్టరు చెప్పాడు. ఆనాటి నుంచి గాజువాకలోని ఆ ఇంటి గడప గోధుమ గింజ దాటలేదు. ఇబ్బందల్లా పుట్టినరోజులతోనే. ఏ స్నేహితురాలి ఇంటికి వెళ్లినా అందరికీ కేకు పెట్టి ఈమె చేతిలో అరటిపండు పెట్టేవారు. ఏడాదిలో పదకొండు అరటిపండ్లు తిన్నాక, "నా పుట్టినరోజుకి నా కేకు నానే కోసి నానే తింటాను, సూడండి" అని క్లాసంతా చాటింపు వేసింది. పదిహేను మంది పిల్లలు ఐదింటికి వస్తున్నారు. ఇప్పుడు టైము నాలుగు దాటి ఐదు నిమిషాలు.

ఈశ్వరి ఒక వారపత్రిక నుంచి కేకు తయారీ విధానం కత్తిరించి దాచుకుంది. అందులో బియ్యప్పిండి, బంగాళదుంప పిండి కలపమన్నారు. గాజువాకలో బంగాళదుంప పిండి అడిగితే షాపువాడు చిప్స్ ప్యాకెట్టు ఇచ్చాడు. ఒకటి లేకపోతే ఇంకొకటి, ఏదైనా తెల్లటి పిండే కదా అనుకుంది ఈశ్వరి. ఇసక పోసిన ప్రెషర్ కుక్కర్లో మొదటి కేకు వట్టి బియ్యప్పిండితో చేసింది. అది గిన్నెలోంచి పొడిలా రాలింది. రెండోదానికి కార్న్‌ఫ్లోర్ ఎక్కువ వేస్తే సుద్దముక్కలా గట్టిపడింది. మూడోదానికి సగ్గుబియ్యం మిక్సీలో పట్టి ఆ పిండి దిట్టంగా కలిపింది. ఆమె తమ్ముడు కన్నబాబు ఒక ముక్క చేజార్చుకుంటే అది నేల మీద పడి తిరిగి మోకాలి దాకా లేచింది.

అప్పుడు రంగంలోకి దిగాడు వీరేంద్ర. పోర్టులో దిగే బొగ్గునీ, ఓడలెక్కే ఇనుప ఖనిజాన్నీ పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో అతను పెద్ద కెమిస్టు. వంటింట్లో సిస్టమ్ లేదని ప్రకటించి, పొట్లాలన్నీ విప్పి, ఒకే రకం గాజు సీసాలు నాలుగు తెచ్చి, పిండ్లన్నీ పోసి, పేర్లు రాసి అంటించాడు. నాలుగో సీసాలోకి వెళ్లింది కన్నబాబు తెచ్చిన పావుకిలో మైదా. హాల్లో రంగు కాగితాలు అంటించడానికి బంక కావాలని కంచరపాలెం నుంచి వస్తూ పట్టుకొచ్చాడు. తినడానికి కాదు కదా అని అతని వాదన.

ఆ సీసాలతోనే తయారైంది నాలుగో కేకు.

"బావా!" హాల్లోంచి కన్నబాబు కేక వినిపించింది. "కాయితాలన్నీ రాలిపోతన్నాయి బావా! అంటించిందంటించినట్టే ఊడొచ్చేత్తంది."

అందరూ హాల్లోకి పరిగెత్తారు. ఎర్ర కాగితాలు, పచ్చ కాగితాలు నేల మీద పరుచుకున్నాయి. గోడ మీద తెల్లగా ముగ్గు పెట్టినట్టు చారలు మాత్రం మిగిలాయి. ఉడికించే ఓపిక లేక కన్నబాబు పిండిని చన్నీళ్లలో కలిపాడు.

"చూశావా?" అన్నాడు వీరేంద్ర, భార్య వైపు తిరిగి. "అంటుకోవలసింది అంటుకోలేదు. పొంగకూడనిది పొంగింది. ఎవరో పిండ్లు మార్చేశారు."

"ఎవురో ఏటి? మైదా ఇంట్లోకి తెచ్చినోడే!" ఈశ్వరి తమ్ముడి మీద విరుచుకుపడింది. "ఏడాది బట్టి నాను కాపలా కాత్తంటే, సంచీలో ఏసుకుని వచ్చీసినావురా ఎదవా!"

"అక్కా, సీసా మీద మైదా అని సూసే తీసినాను. మీ అత్తే మద్దినేల వంటింట్లో తిరిగింది."

వీధి అరుగు మీద కూర్చున్న వీరేంద్ర తల్లి మహాలక్ష్మమ్మ లోపలికి వచ్చింది. "ఏట్రా, ఏటంతన్నావు? నాను మంచినీళ్లకెల్లినాను. నాకు సదువే రాదు, పేర్లు నానేటి మారుత్తాను? నీ అక్కనడుగు, ఆయాసంలో ఏ సీసా తీసి ఏటి పోసిందో!"

వీరేంద్ర వీధి దాకా వినపడేలా ఎంక్వైరీ మొదలుపెట్టాడు. కూతురి డ్రాయింగ్ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఘటన, సమయం, సాక్షులు, బాధ్యులు అని గళ్లు గీశాడు. "అమ్మా, వంటింట్లో నువ్వెంత సేపున్నావు? నిజం చెప్పు" అని తల్లినే గద్దించాడు. ఆమె మూతి తిప్పుకుని, "ఎదురింటోల్లు కూడా ఇంటన్నారు, ఇంకొంచెం గట్టిగా అరువు" అంది.

తరువాత మందుల డబ్బాలోంచి టించర్ అయోడిన్ తీసి, నాలుగు పిండ్ల మీదా ఒక్కొక్క చుక్క వేశాడు. నాలుగూ నల్లటి నీలంగా మారాయి. కేకు ముక్క మీద వేశాడు. అదీ నీలమే. కొత్త చొక్కా చేయి కూడా నీలమే.

"అంటే ఏటన్నట్టు?" అంది ఈశ్వరి.

"అన్నిట్లోనూ స్టార్చ్ ఉందన్నట్టు."

"పిండిలో పిండుందని తెలుసుకోడానికి ఇంత కర్మేటండీ! ముందే తెలీదా?"

"తెలుసు. కానీ ప్రొసీజర్ ఉంటుంది కదా."

ఈశ్వరి నెత్తి కొట్టుకుంది. గడియారం నాలుగున్నర చూపిస్తోంది. సాయిదుర్గ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, ఎవరేమంటే వారి మొహంలోకి చూస్తోంది.

"ఒరే, ఎర కట్టి సూడండ్రా," అంది మహాలక్ష్మమ్మ.

"ఎరేటమ్మా?"

"మా జాలరిపేటలో సిన్నపిల్లలకి కూడా తెలుసు. మా అన్నదమ్ములు జెట్టీ మీద కూకుని మైదా ముద్ద గేలానికి గుచ్చేవోరు. నీట్లో ఎంతసేపున్నా ఊడదు. ఓపాలి మైదా లేక బియ్యప్పిండి ఎట్టినారు. ఏసీసరికి కరిగిపోనాది. సేప దగ్గిరికొచ్చి సూసి, నవ్వుకుని ఎలిపోనాది."

వీరేంద్ర బకెట్టుతో నీళ్లు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆమె గాజులకి తగిలించుకున్న పిన్నీసులు నాలుగు తీసి, నాలుగు పిండ్లూ విడివిడిగా తడిపి, పిన్నీసుకొక ముద్ద గుచ్చి బకెట్టు నీళ్లలో వేలాడదీసింది. కార్న్‌ఫ్లోర్ ముద్ద నీళ్లు తాకకముందే వేళ్ల మధ్య నుంచి కారిపోయింది. సగ్గుబియ్యం పిండిది పాలలా విరిగింది. 'మైదా' అని పేరున్న సీసాలోది పొడిపొడిగా విడిపోయి అడుగుకి చేరింది. 'బియ్యప్పిండి' అని పేరున్న సీసాలోది మాత్రం, మహాలక్ష్మమ్మ ఎంత ఊపినా, బంకలా పిన్నీసుని కరుచుకుని వేలాడింది.

కేకులో పడింది అదే.

సాయిదుర్గ కత్తిని గట్టు మీద జాగ్రత్తగా పెట్టేసింది.

"మళ్లీ అరటిపండేనా అమ్మా?" అంది.

ఈశ్వరి కొంగు నడుముకి బిగించి, గిన్నెలు, గరిటెలు, కుక్కరు అన్నీ సబ్బుతో రెండేసి సార్లు తోమింది. నీలం మరకలు పడిన పిండి తీసి పారేసింది. ఏ పిండి ఏ గుణం చూపిస్తుందో పొద్దుటి నుంచి మూడు కేకులు ఆమెకి నేర్పాయి. రాలిపోయే బియ్యప్పిండి రెండు పాళ్లు, దాన్ని పట్టి ఉంచడానికి సాగే సగ్గుబియ్యం పిండి ఒక పాలు, ఆ సాగుడు తగ్గడానికి కార్న్‌ఫ్లోర్ అరపాలు. గుడ్లు చేయి పడిపోయేదాకా గిలకొట్టింది. కుక్కరు మూత పెట్టేసరికి ఐదు కొట్టింది, కాలింగ్ బెల్ మోగింది.

పిల్లలు బిలబిలా వచ్చేశారు. వెనకే కూతురిని దింపడానికి ఆరిఫ్ వచ్చాడు. అతను వీరేంద్ర కింద పనిచేసే జూనియర్. కేకు ఆలస్యమవుతుందని తెలిసి పిల్లలు గొణుగుతుంటే, "పోనీ, ఆ మైదా కేకు ఈల్లకి ఎట్టీద్దాం" అన్నాడు కన్నబాబు.

"నాది వచ్చేదాకా ఎవురికీ వద్దు," అంది సాయిదుర్గ.

గంట గడిచింది. ఆ గంటసేపూ వీరేంద్ర పిల్లల మధ్య తిరుగుతూ కన్నబాబుని, తల్లిని, భార్యని మార్చి మార్చి ప్రశ్నించాడు. పిల్లలకి ఇదేదో ఆటలా నచ్చి చప్పట్లు కొట్టారు. ఆరు దాటాక ఈశ్వరి కుక్కరు మూత తీసింది. కేకు ఒక పక్కకి ఒరిగింది, నడినెత్తిన పగిలింది, రంగు కూడా పాలిపోయింది. సాయిదుర్గ కత్తి దించింది. ముక్క రాలలేదు, సాగలేదు. నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె దవడల వైపే చూశారు.

రెండో ముక్క తానే కోసుకుంది. మూడో ముక్క కూడా కోసుకున్నాక, "ఇప్పుడు అందరికీ ఎట్టమ్మా" అంది.

ఈశ్వరి కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. అప్పుడైనా వీరేంద్ర ఊరుకుని ఉండవలసింది.

"ఆరిఫ్, నువ్వు బయటివాడివి. నిష్పక్షపాతంగా చూసి చెప్పు," అని అతన్ని సీసాల దగ్గరికి లాక్కెళ్లాడు.

ఆరిఫ్ ఒక సీసా మూత విప్పి పక్క సీసాకి బిగించాడు. సరిగ్గా పట్టింది.

"సార్," అన్నాడు చాలా వినయంగా, "పేర్లు సీసాల మీద లేవు సార్. మూతల మీదున్నాయి."

వీరేంద్ర మొహంలో రంగు మారింది.

"పోయిన్నెల బొగ్గు శాంపిల్ డబ్బాకి మూత మీద లేబుల్ ఏసినానని నాకు మెమో ఇచ్చారు. మూతలు మారతాయి, డబ్బాలు మారవు అని రాసారు. ఫైల్లో దాసుకున్నాను సార్."

"అవున్నాన్నా," అంది సాయిదుర్గ నోటినిండా కేకుతో. "నువ్వు మూతలన్నీ రాసీసి వరసగా పెట్టినావు. ఇంతలో ఫోనొచ్చింది. ఎల్లొచ్చి గబగబా బిగించీసినావు."

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అందర్నీ అడిగినావు. నన్ను అడగలేదు."

ఈశ్వరి ఎంక్వైరీ కాగితం, పెన్ను తెచ్చి భర్త చేతిలో పెట్టింది. అతను ఆఖరి గడిలో ఏదో చిన్నగా రాసి కాగితం మడవబోయాడు.

"సదువు," అంది మహాలక్ష్మమ్మ. "నన్ను దొంగన్నప్పుడు ఈదంతా ఇనిపించినాది."

"బాధ్యుడు... వీరేంద్ర," అని గొణిగాడు.

"ఇంటిపేరు?" అంది ఈశ్వరి.

"వాసుపల్లి వీరేంద్ర."

"ఉజ్జోగం బావా?" అన్నాడు కన్నబాబు. "కొంచెం గట్టిగా."

"సీనియర్ కెమిస్టు," అన్నాడు వీరేంద్ర, "క్వాలిటీ కంట్రోల్."