చలిగదిలో పెళ్లిదండలు

“మొక్క ఏదీ మరచిపోదు” అని మా డైరెక్టరుగారు ప్రకటించారు. ప్రకటించి ఊరుకోలేదు, గేటు మీద పెద్ద అక్షరాలతో రాయించారు.

ఆ పరిశోధన కేంద్రంలో చలిగదికి కాపలాదారుని నేను. చదివింది ఊరిబడిలో అయిదో తరగతి. అయినా వినగా వినగా సంగతి ఒంటబట్టింది. క్యాబేజీలో పూతను ఆపే జన్యువు ఒకటుంటుంది. నారు ఎనిమిది వారాలు చలిలో ఉంటే దానికి తాళం పడుతుంది. జన్యువు మారదు, తాళం ఊడదు. తర్వాత ఎండలో నాటినా, పడిన చలి గుర్తుండి మొక్క పూస్తుంది.

నిరుడు నా భార్య పోయింది. కూతురు దూరాన్నించి రావాలి. శవాన్ని ఒక్కరోజు చలిగదిలో ఉంచనివ్వమని అడిగాను.

“మొక్కలు తప్ప ఇంకేదీ లోపలికి పోకూడదయ్యా, రూలు. నారు బెదిరితే ఎవరిది పూచీ?” అన్నారాయన.

కూతురు వచ్చేసరికి బూడిద మిగిలింది.

ఈ ఏడు నారు చలిగదిలో చేరిన మూడు వారాలకే ఆయన కూతురి పెళ్లి వచ్చింది. నారు ట్రేలు వరండాలోకి వచ్చాయి, దండల బుట్టలు లోపలికి వెళ్లాయి.

“రూలు సార్?”

“పువ్వులు మొక్కలవి కావటయ్యా?”

దండల తర్వాత మిఠాయిలు. మిఠాయిల తర్వాత వియ్యంకుడు పంపిన ఆపిల్ పెట్టెలు. నారు మళ్లీ లోపలికి పోలేదు, వరండాలోంచి నేరుగా మడికి చేరింది.

తనిఖీ కమిటీ వచ్చేనాటికి మడినిండా ఆకులే. మచ్చుకొక్క పువ్వు లేదు. డైరెక్టరుగారు నన్ను పక్కకు లాగారు.

“నీళ్లు పెట్టడం మరిచానని ఒప్పుకో. మెమోతో పోతుంది. నోరు జారావో, ఉద్యోగమే పోతుంది.”

రిటైరు కావడానికి పద్నాలుగు నెలలుంది. అయినా వెళ్లి కమిటీ పెద్దాయన ముందు నిలబడ్డాను.

“అయ్యా, ఎనిమిది వారాల చలిలో నారుకు దక్కింది మూడు. మిగతాది పెళ్లిదండలకీ, మిఠాయిలకీ, వియ్యంకుడిగారి పళ్లకీ పోయింది.”

పెద్దాయన ముఖం విప్పారింది.

“ఆ దండలు ఇక్కడివా? పెళ్లికి నేనూ వచ్చానుగా! మధ్యాహ్నమైనా ఒక్క రేకు వాడలేదు. చెప్పరేమండీ డైరెక్టరుగారూ?”

నివేదిక అక్కడికక్కడే రాశారు. చలిగదిలో పువ్వుల స్థితి అద్భుతమనీ, కమిటీ కళ్లారా చూసిందనీ, ఇంకో చలిగది మంజూరు చేయాలనీ. మడిలో పూత రాకపోవడానికి కారణం కాపలాదారు నిర్లక్ష్యమట.

తొలగింపు కాగితం డైరెక్టరుగారే స్వయంగా ఇచ్చారు. వట్టి చేతులతో పంపడం ఇష్టంలేక, చలిగదిలోంచి ఒక ఆపిల్ తెప్పించి చేతిలో పెట్టారు.

నెలలు దాటిన పండు. చెక్కుచెదరలేదు.