నవ్వితే చెల్లదు

స్నేహితుడి కారు బాగుచేసి డబ్బు తీసుకోనప్పుడల్లా నూకరాజు షెడ్డు కొంత తగ్గేది, తగ్గిన మేర నేల ఆ స్నేహితుడి ఇంటికి కలిసేది. బల్బు మారిస్తే వేలెడు, బ్రేకు లైనింగులకి బెత్తెడు, క్లచ్ ప్లేటుకి జానెడు, ఇంజను దింపితే మూరెడు. పెదగరువు మునిసిపాలిటీకి ఇది కొత్త కాదు. స్నేహం కింద పోయిన నేలకి అక్కడ వేరే సెక్షనుంది, దానికో గుమస్తా, ఓ కొలతల అధికారి ఉన్నారు. దర్జీ ముసలయ్య కొట్టు అలాగే తగ్గీ తగ్గీ, చివరికి కుట్టుమిషనూ ఆయన మోకాళ్ళూ రోడ్డు మీదికొచ్చాయి. జనం పక్కనుంచి తప్పుకుని నడిచేవాళ్ళు. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

పెద్ద చప్పుడు కూడా ఉండేది కాదు. కారు వీధి మలుపు తిరగ్గానే, మంచం కింద ట్రంకుపెట్టె లాగినట్టు వినపడేది. స్పానర్లు తగిలించిన గోడ నూకరాజు వైపు జరిగేది. వారం తిరక్కుండా పన్ను తగ్గించినట్టు నోటీసు వచ్చేది. అది నూకరాజుకి లాభమని మునిసిపాలిటీ అభిప్రాయం.

భార్య సత్యవేణి బతికున్నన్నాళ్ళూ ఆ షెడ్డులో మూడు కార్లు పక్కపక్కన పట్టేవి. ధర చెప్పేది ఆమె. గుమ్మం దగ్గర ఇనప స్టూలు వేసుకుని కూర్చుని, కారు బయటికి తీసేవాడి ముందు చెయ్యి చాపేది. “అన్నయ్యగారూ, నాలుగువేల రెండొందలండి. ఆ రెండొందలూ మర్చిపోకండి” అనేది. ఆ సమయానికి నూకరాజు ఇంకో కారు కింద దూరి, బిగించిన బోల్టే మళ్ళీ బిగిస్తుండేవాడు. మొగుడు దేవుడు, పెళ్ళాం గయ్యాళి అని ఊరంతా అనేది. నూకరాజు విని ఊరుకునేవాడు. రోజూ ఒక్కచోటే ఆనడం వల్ల ఆ స్టూలు కాళ్ళకింద సిమెంటు అరిగి నాలుగు గుంటలు పడ్డాయి.

ఆమె పోయినప్పుడు స్నేహితులందరూ వచ్చారు, నూకరాజు బాగుచేసిన కార్లలోనే వచ్చారు. పెద్దకర్మ భోజనాలయ్యాక బుల్లబ్బాయి చెయ్యి కడుక్కుని తువ్వాలుకి తుడుచుకుంటూ, “ఎలాగూ వచ్చాను కదరా, ముందు చక్రం దగ్గర కీచుమంటోంది. ఓసారి చూడు” అన్నాడు. బ్రేకు లైనింగులు అరిగిపోయాయి. మొదటి బెత్తెడు ఆవేళే పోయింది.

బుల్లబ్బాయి ధాన్యం కమీషను వ్యాపారి. నూకరాజుతో ఒకే బెంచీ మీద కూర్చుని ఎక్కాలు వల్లెవేసినవాడు. స్నేహితులందరి కార్లలోకీ అతని కారే ముసలిది. అందుచేత షెడ్డులోంచి పోయిన నేలలో ఎక్కువ భాగం బుల్లబ్బాయి ఇంటి వసారాకే చేరింది. ఎలా ఉన్న నేల అలాగే, గ్రీజు మరకలతో సహా చేరింది.

“నీ మూలంగా నాకు ఇంటిపన్ను పెరిగిందిరా,” అన్నాడు బుల్లబ్బాయి, క్లచ్ ప్లేటు మార్పించుకున్న రోజున. “పైగా వచ్చిన నేలంతా జిడ్డే. మా ఆవిడ కోటేశ్వరి పీచేసి తోమినా పోవట్లేదు. కాస్త నూనె ఒలక్కుండా పని చేసుకోలేవా?”

“చూస్తాన్లేరా.”

“సరే, ఎంతయింది?”

నూకరాజు పొద్దుటినుంచీ ఆ అంకె నోట్లో పెట్టుకుని ఉన్నాడు. “మూడువేల ఎనిమిదొందలైందిరా, రెండువేలివ్వు చాలు, పోనీలే, నీకు తోచిందివ్వు, నీ దగ్గరేంట్రా” అన్నాడు ఒక్క గుక్కలో. బుల్లబ్బాయి ఇంకా నోరు తెరవనే లేదు. అతను నవ్వి, సంచీడు దోసకాయలు కింద పెట్టి, “మా చేలోవి. పప్పులో బావుంటాయి” అని కారెక్కాడు. గోడ జానెడు జరిగింది. దోసకాయల సంచీ అడ్డమైంది. నూకరాజు దాన్ని కాలితో తోసి, చోటు దొరక్క మళ్ళీ మొదటి చోటే పెట్టాడు.

కొన్నాళ్ళకి షెడ్డులో ఒక్క కారు మాత్రం పట్టే చోటు మిగిలింది. బుల్లబ్బాయి కారు ఈసారి తాడు కట్టించుకుని వచ్చింది. స్టార్టు చేస్తే తెల్లపొగ కక్కుతోంది, ఇంజను దింపాలి. అది చూసి కొలతల అధికారి త్రినాథరావు టేపు పట్టుకుని దిగాడు. నూకరాజు టీ తెప్పించబోతే వద్దన్నాడు.

“వద్దండీ. నాకూ కారుంది.”

ఆయన గోడనుంచి గోడకి కొలిచి, టేపు చుట్టుకున్నాడు. ఇంజనంటే మూరెడు. ఆ మూరెడూ పోతే ఇక కారు పట్టదు. కారు పట్టనిది షెడ్డు కాదు, రికార్డుల్లో దాన్ని అలమర అంటారు. అలమరకి మెకానిక్కు లైసెన్సు ఉండదు.

“ఏ వైపునుంచి పోతుందండీ?” అని అడిగాడు నూకరాజు.

“ఇన్నాళ్ళూ ఎడమ గోడ జరిగింది. ఇప్పుడటువైపు కరెంటు మీటరు అడ్డొచ్చింది. దాన్ని కదపాలంటే వేరే శాఖ అనుమతి కావాలి. కనక ఈసారి గుమ్మం వైపేనండి.”

గుమ్మం వైపు స్టూలుంది. నూకరాజు దానికేసి చూశాడు.

“ఆ నాలుగు గుంటలూ వదిలేసి కొలవలేరాండీ?”

“గుంటలు కూడా నేలేనండీ.” త్రినాథరావు కఠినుడు కాదు, నిబంధన చెప్పాడు. “ఇదంతా ఎందుకండీ, న్యాయమైన ధర చెప్పి తీసుకోండి. గోడ కదలదు.”

“న్యాయమైన ధరంటే ఎంతండీ?”

“మీరు సిగ్గుపడకుండా అడగ్గలిగింది. ఆయన మొహం చిట్లించకుండా ఇవ్వగలిగింది.”

“అలాటి అంకె ఉందాండీ?”

“ఉందనే మా సెక్షను పెట్టారు.”

ఇద్దరూ అక్కడే బోనెట్ మీద కాగితం పెట్టుకుని లెక్కకి దిగారు. సామాను ఖరీదు, లేతు మిషను ఖర్చు, కూలి వేశారు. చిన్ననాటి స్నేహానికి కూలిలో పావు వంతు తీసేశారు. పెళ్ళికొచ్చి వడ్డన చేసినందుకు ఇంకొంచెం తీసేశారు.

“మీ ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన తోడున్నారా? దానికి విడిగా తగ్గింపుంది,” అన్నాడు త్రినాథరావు.

“డజను బత్తాయిలు తెచ్చాడండి.”

“ఉన్నారా?”

“కారు రోడ్డు మీద పెట్టొచ్చానని వెళ్ళిపోయాడండి.”

త్రినాథరావు ఆ గడిలో అడ్డగీత పెట్టాడు. లెక్క పదహారువేల నాలుగొందలకి తేలింది. ఇక పద్ధతి ఒక్కటే. ధర నూకరాజు తన నోటితో, ఒక్కసారే చెప్పాలి. చెప్పాక తగ్గించకూడదు. కొలతల అధికారి దగ్గరుండాలి. స్నేహితుడు నవ్వితే మాత్రం చెల్లదు. నవ్వితే అది వేళాకోళమవుతుంది, వేళాకోళానికి మునిసిపాలిటీ దగ్గర విలువ లేదు.

“నవ్వుతాడండి,” అన్నాడు నూకరాజు. “ఎప్పుడూ నవ్వుతాడు.”

“నవ్వకుండా చెప్పడం నేర్చుకోవాలండి. మీ ఆవిడ చెబితే ఎవరైనా నవ్వారా?”

నూకరాజు ఇంజను విప్పాడు. సిలిండర్లు బోరు కొట్టించాడు, పిస్టన్లు కొత్తవి వేశాడు. పని చేస్తున్నంతసేపూ స్టూలు వైపు తిరిగి పదహారువేల నాలుగొందలని చెప్పుకున్నాడు. స్టూలు నవ్వలేదు. ఈ అంకె సత్యవేణి ఒక్క మాటలో తేల్చేసి, ఆ వెంటనే పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్ళేది. ఆమె ఎన్నేళ్ళపాటు రోజుకి ఎన్నిసార్లు ఈ పని చేసిందో నూకరాజు ఇప్పుడు ఆలోచించాడు. ఆలోచించి, నట్లు ఒకదానికి బదులొకటి బిగించి, మళ్ళీ విప్పుకున్నాడు.

కారు తీసుకెళ్ళే రోజున త్రినాథరావు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బుల్లబ్బాయి ఇంజను ఆన్ చేసి చెవి పెట్టి విన్నాడు. “పెళ్ళికూతురు నడిచినట్టుందిరా,” అన్నాడు. “ఎంత?”

నూకరాజు గుడ్డపీలికతో చేతులు తుడుచుకున్నాడు.

“పదహారువేల నాలుగొందలు.”

అక్కడితో నోరు మూసుకున్నాడు. తగ్గించలేదు. బుల్లబ్బాయి నవ్వలేదు. త్రినాథరావు వైపు చూశాడు, మళ్ళీ నూకరాజు వైపు చూశాడు.

“నిజంగానే అంటున్నావా?”

నూకరాజు తలూపాడు.

“ఆవిడ పోయాకన్నా కాస్త హాయిగా ఉంటావనుకున్నాను. నీకూ ఆవిడ గాలే సోకిందిరా,” అంటూ బుల్లబ్బాయి జేబులోంచి నోట్ల కట్ట తీశాడు. వేలు తడిచేసుకుని బోనెట్ మీద లెక్కపెట్టాడు. “తెచ్చానురా. ప్రతిసారీ తెస్తూనే ఉన్నాను. నువ్వడగనిదే ఇవ్వడానికి నాకేమన్నా పిచ్చా?”

డబ్బు ముందుకి చాపాడు. అతని మొహంలో కోపం లేదు. కిరాణా కొట్లో చిల్లర కోసం నిలబడ్డవాడి మొహం అది. బడిలో బెంచీ పంచుకున్ననాటినుంచీ బుల్లబ్బాయి ఆ మొహం నూకరాజుకి చూపించలేదు. సత్యవేణికి రోజూ చూపించారు, ఊళ్ళోవాళ్ళందరూ చూపించారు. ఆమె దాన్ని చూసి, డబ్బు కొంగున ముడేసుకుని లోపలికి వెళ్ళేది. నూకరాజు అప్పుడు కారు కింద ఉండేవాడు.

నూకరాజు నవ్వాడు.

“ఊరికే అన్నాన్లేరా. ఉంచుకో.”

మాట పూర్తయ్యేలోపే కట్ట జేబులోకి వెళ్ళింది. బుల్లబ్బాయి మొహం ఎప్పటిలా అయింది. “చంపావు కదరా, నిజమే అనుకున్నాను” అని వీపు మీద చరిచి కారెక్కాడు.

త్రినాథరావు కాగితం మీద రాసుకున్నాడు. “నవ్వారు.”

“నవ్వింది నేనండీ. వాడు కాదు.”

“స్నేహితుడు నవ్వితే చెల్లదనే ఉందండి. మీరూ స్నేహితుడే కదా.”

కారు వీధి మలుపు తిరిగింది. గుమ్మం వైపు గోడ జరిగింది. త్రినాథరావు స్టూలు పక్కకి తీసి పట్టుకున్నాడు, అందుకు నిబంధన ఏమీ లేకపోయినా.

అలమరకి తాళం వేయించారు. ఉపాధి పోయినవాడు తన నేల ఎక్కువగా ఎక్కడికి చేరిందో అక్కడ పని చేసుకోవచ్చు, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటే. బుల్లబ్బాయి వెంటనే ఒప్పుకున్నాడు. నూకరాజు సామానుతో అతని వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. నేలంతా తెలిసిందే. గేరు ఆయిలు డబ్బా బోర్లాపడ్డ మరక ఉంది. బ్యాటరీ నీళ్ళు పడి గరుకెక్కిన చోటుంది. చివర, మెట్ల దగ్గర, నాలుగు గుంటలున్నాయి. స్టూలు తెచ్చి వాటిలో పెట్టాడు. నాలుగు కాళ్ళూ కదలకుండా కూర్చున్నాయి.

“నెలకి మూడువేలు,” అన్నాడు బుల్లబ్బాయి. “ఒకటో తారీఖు దాటకూడదు. స్నేహం స్నేహమే, అద్దె అద్దేరా.”

ఒక్కసారే చెప్పాడు. తగ్గించలేదు. పద్ధతి ప్రకారం దగ్గరున్న త్రినాథరావు నూకరాజు మొహంలోకి చాలాసేపు చూశాడు. నూకరాజు నవ్వలేదు. ధర చెల్లింది.

లోపల్నించి కోటేశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. స్టూలు ఖాళీగా ఉంది కదా అని దానిమీద కూర్చుంది.

“అన్నయ్యగారూ, అడ్వాన్సు మర్చిపోకండి,” అంటూ చెయ్యి చాపింది.

ఆవిణ్ణి ఊళ్ళో ఎవరూ గయ్యాళి అనలేదు. లెక్క తెలిసిన ఇల్లాలు అన్నారు. నూకరాజు విని ఊరుకున్నాడు.