పీలిస్తే మోగే ఈల

సాలొమోనుకి ఆ పేరు పెట్టినప్పుడు ఇంట్లోవాళ్లు జ్ఞానం గురించి ఆలోచించారు గానీ ఊపిరితిత్తుల గురించి ఆలోచించలేదు. యాభై ఆరేళ్లు వచ్చేసరికి రెండూ కొంచెం కొంచెంగా ఆయన్ని వదిలేస్తూ వచ్చాయి. జ్ఞానం పోయిన సంగతి ఆయనకి తెలియలేదు. ఊపిరి పోతున్న సంగతి మాత్రం మయూర్ విహార్‌లో తన మూడో అంతస్తు మెట్లు ఎక్కినప్పుడల్లా తెలిసేది.

దీపావళి వెళ్లి డిసెంబరు వచ్చినా ఢిల్లీ ఆకాశం ముసుగు తియ్యలేదు. సాలొమోను కుర్చీలో కూర్చుంటే పిల్లికూతలు, లేస్తే దగ్గు. ఆయన భార్య రెబ్కా ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డు నర్సు. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"ఉబ్బసం. రోజూ ఇన్‌హేలర్ పీల్చాలి. పౌడరుదైనా సరే, స్ప్రేదైనా సరే. సరిగ్గా పీల్చగలిగిందే మంచిది. ఏది సరిపోతుందో సిస్టర్ రెబ్కా చూసి చెబుతుంది" అని డాక్టరు చేతులు దులుపుకున్నాడు.

సాలొమోను భయం జబ్బు గురించి కాదు. తెలుగు చర్చిలో క్రిస్మస్ ఆరాధనకి సోలో పాట పందొమ్మిదేళ్లుగా ఆయనదే. పాటల బృందం నడిపే యేసుకుమార్ మాస్టారు తన చేతిలో ఇన్‌హేలర్ చూశారంటే ఆ పాట సందీప్‌కి వెళ్లిపోతుంది. సందీప్ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు మారథాన్‌లు పరిగెత్తే మనిషి. అతని ఛాతీని చూస్తేనే సాలొమోనుకి ఆయాసం వచ్చేది.

శనివారం పొద్దున రెబ్కా డైనింగ్ టేబుల్ మీద రెండూ పెట్టింది.

"ఇది పౌడరు. గొట్టంలో క్యాప్సూల్ పెట్టి, గట్టిగా, వేగంగా పీల్చాలి. ఇది స్ప్రే. ఈ డబ్బాకి తగిలించి, నొక్కి, మెల్లగా పీల్చాలి."

ఆ డబ్బా వైపు చూసి సాలొమోను అదిరిపడ్డాడు. అరలీటరు నీళ్ల సీసా అంత ఉంది. పౌడరు గొట్టమేమో బొటనవేలంత. లాల్చీ జేబులో వేసుకుంటే యేసుకుమార్ మాస్టారికే కాదు, కస్టమ్స్ వాళ్లకి కూడా దొరకదు.

"నాకు పౌడరే" అన్నాడు.

"మీకు అంత దమ్ము లేదండీ."

"నా దమ్ము గురించి చర్చిలో ఎవర్నైనా అడుగు."

"చర్చిలో వాళ్లు పాట వింటారు. నేను గురక వింటాను" అంటూ రెబ్కా ఓ చిన్న ప్లాస్టిక్ ఈల తీసింది. "ఇది ఊదితే మోగదు, పీలిస్తే మోగుతుంది. పౌడరు లోపలికి వెళ్లేంత గట్టిగా పీలిస్తేనే. మోగిందా, పౌడరు మీది. లేదా, డబ్బా."

సాలొమోను పీల్చాడు. నిశ్శబ్దం. మళ్లీ పీల్చాడు. కళ్లు బయటికొచ్చాయి గానీ ఈల నోరు విప్పలేదు.

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎవడికి ఊపిరాడుతుంది? లోపలికెళ్లు. వినబడితే చాలుగా?"

రెబ్కా నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. సాలొమోను అటూ ఇటూ చూసి, ప్లాస్టిక్ ఈలని టేబుల్ మీద పెట్టి, పెదాలు సున్నాలా చుట్టి, తన సొంత ఈల వేశాడు. చిన్నప్పుడు కాకినాడ వీధుల్లో నేర్చిన విద్య. హాలంతా ఖంగుమంది.

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. కాసేపటికి, "అచ్ఛా! బాగా మోగిందే" అని రెబ్కా గొంతు వినిపించింది. "ఇంకోసారి పీల్చండి చూద్దాం."

ఇంకోసారి వేశాడు. రెండోది మొదటిదానికంటే బాగా కుదిరిందని ఆయనకే అనిపించింది.

"ఠీక్ హై. పౌడరే వాడండి" అంది రెబ్కా. ఇంత సులువుగా ఒప్పుకుంటుందని ముప్పై ఏళ్ల కాపురంలో తెలిసి ఉంటే ఇంకా చాలా అడిగి ఉండేవాడినని సాలొమోను మురిసిపోయాడు.

సాయంత్రం పాటల ప్రాక్టీసు వాళ్లింట్లోనే. పండక్కని సాలొమోను మీసానికి నల్లరంగు కొత్తగా వేసుకున్నాడు. యేసుకుమార్ మాస్టారు హార్మోనియంతో వచ్చారు. సందీప్ ఛాతీతో వచ్చాడు. బృందంలో పాడే కిరణ్మయి ఇంకో అరడజను మందిని వెంటబెట్టుకుని వచ్చింది. వందనాలయ్యాయి, టీలయ్యాయి.

"సోలో ముందు పట్టుకుందాం, సాలొమోను బ్రదర్" అన్నారు మాస్టారు.

"ఒక్క నిమిషం మాస్టారూ" అని సాలొమోను బాత్‌రూమ్‌లో దూరాడు. క్యాప్సూల్ వేసి, గొట్టం తిప్పి, నోట్లో పెట్టుకున్నాడు. బయట హార్మోనియం మొదలైపోయింది. ఆ శ్రుతి చెవిన పడగానే పాడేవాడి ఊపిరి ఎటు వెళ్తుందో అటే వెళ్లింది. పీల్చాల్సింది పోయి బలంగా ఊదాడు.

ఉన్న చిటికెడు మందూ ఎగిరొచ్చి మీసం మీద కూర్చుంది. అద్దం చూసుకునే తీరిక లేదు. అదే మొహంతో హాల్లోకి వచ్చి, చేతులు చాపి, పాట అందుకున్నాడు.

మొదటి చరణం నడిచింది. రెండో చరణంలో ఎవరో కిసుక్కుమన్నారు. కూతురు అనుగ్రహ ఆగలేకపోయింది. "పాపా! ఆప్‌కీ మూఛ్ సఫేద్ హో గయీ!"

అందరూ తెల్లబడిన ఆయన మీసం వైపు చూశారు.

"కజ్జికాయలు లాగించేశారా అంకుల్?" అంది కిరణ్మయి. "పంచదార పొడి అంటుకుంది!"

సాలొమోనుకి షుగరు కూడా ఉంది. దొంగతిండా, ఉబ్బసమా, ఏదో ఒకటి ఒప్పుకోవాలి. సోలో పాట మీద ప్రేమతో తిండికి ఓటేశాడు.

"అవునమ్మా. పాపం చేశాను. రెండు తిన్నాను."

"ఏ కజ్జికాయలండీ?" రెబ్కా ఖాళీ కప్పుల ట్రే దించింది. "నేనింకా పిండే కలపలేదు."

"మరయితే... నాలుగు తిన్నాను" అన్నాడు సాలొమోను. ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియలేదు. పరువు కాపాడుకోవడానికి పాటలో పైస్థాయి చరణం ఎత్తుకున్నాడు. సగం ఎక్కేసరికి దమ్ము అయిపోయింది. నోరు తెరిచే ఉంది, పాట రావడం లేదు. ఛాతీలోంచి పిల్లికూతలు మాత్రం హార్మోనియంతో చక్కగా శ్రుతి కలిపాయి.

రెబ్కా లోపలికెళ్లి ఆ అరలీటరు డబ్బా తెచ్చి, స్ప్రే తగిలించి, పదిమందిలోనూ ఆయన మూతికి పెట్టింది. "మెల్లగా పీల్చండి. పట్టి ఉంచండి. పది లెక్కపెట్టండి."

సాలొమోను కళ్లు మూసుకుని పీల్చాడు. రెండు సార్లయ్యాక ఊపిరి దారిలో పడింది. పోయిన పాట మాత్రం ఇక రాదని ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. "మాస్టారూ, సందీప్‌కి ఇచ్చెయ్యండి" అన్నాడు కళ్లు తెరవకుండా.

జవాబుగా బుస్సుమని చప్పుడైంది.

కళ్లు తెరిచాడు. యేసుకుమార్ మాస్టారు హార్మోనియం పెట్టెలోంచి తన స్ప్రే తీసి పీలుస్తున్నారు. కిరణ్మయి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. సందీప్ ట్రాక్ ప్యాంటు జేబులోంచి బొటనవేలంత పౌడరు గొట్టం బయటపడింది.

"నువ్వు కూడానా!"

"ఢిల్లీలో పరిగెత్తేవాడికే ముందు కావాలి అంకుల్. రెబ్కా ఆంటీయే నేర్పించారు" అన్నాడు సందీప్.

"మాకూ ఆవిడే" అన్నారు మాస్టారు. "దీని మీద నేను బృందమే నడుపుతుంటే మీరు పాట పాడలేరా, బ్రదర్? సోలో మీదే."

సాలొమోను భార్య వైపు తిరిగాడు. "వీళ్లందరి సంగతీ తెలిసి నాకు ఒక్క ముక్క చెప్పలేదే!"

"పేషెంట్ల విషయాలు ఇంట్లో మాట్లాడకూడదండీ. రేపట్నుంచి ఉదయం, సాయంత్రం నా కళ్ల ముందు డబ్బాతో పీల్చి, నోరు పుక్కిలిస్తేనే పాట. లేదంటే మాస్టారికి నేనే ఫోన్ చేస్తాను."

"సరే" అన్నాడు సాలొమోను. అనకపోతే ఏం జరుగుతుందో ఆయనకి బాగా తెలుసు.

అందరూ వెళ్లాక ఆయన మీసం కడుక్కుని, సోఫాలో రెబ్కా పక్కన చేరాడు. "అది సరే గానీ, పొద్దున ఈల మోగింది కదా, అయినా డబ్బా వెంటనే తెచ్చావు. పౌడరుకి నేను సరిపోనని నీకు ముందే ఎలా తెలుసు?"

రెబ్కా ప్లాస్టిక్ ఈల కూతురి చేతికిచ్చింది. అనుగ్రహ గట్టిగా పీల్చింది. కుక్కర్‌కి జలుబు చేసినట్టు కీచుమంది.

"దానికి వచ్చిన స్వరం అదొక్కటే" అంది రెబ్కా. "మీరేమో సరిగమలు వేసి, చివర గమకం కూడా పెట్టారు. నమ్మబుద్ధి కాక ఇంకోసారి అడిగితే, రెండోసారి పల్లవి మొత్తం వినిపించారు. డబ్బా అప్పుడే కడిగి సిద్ధంగా పెట్టుకున్నాను."

సాలొమోను తల దించుకున్నాడు.

"ఆ రెండోది ఫోన్‌లో రికార్డు చేసి మా వార్డు గ్రూపులో పెట్టాను. పేషెంట్లు ఎలా మోసం చేస్తారో కొత్త నర్సులకి తెలియాలని."

సాలొమోను మెల్లగా, ఆవిడ చేతిలో ఫోన్ వైపు ఓరగా చూస్తూ అడిగాడు.

"ఎవరైనా బాగుందన్నారా?"