మంత్రిగారు అల్లిన చదరం

“ఈ శీతాకాలం ప్రభుత్వాసుపత్రిలో ఒక్క పసికందు కూడా చలికి వణకడానికి వీల్లేదు” అని మంత్రిగారు ఆదేశించారు. ఆదేశం ప్రతిని శీతాకాలానికి పంపలేదు గానీ, మిగతా శాఖలన్నిటికీ పంపారు. అటెండరు మొదలు కార్యదర్శి దాకా ప్రతి ఉద్యోగీ స్వహస్తాలతో ఒక చదరపు ఊలు ముక్క అల్లాలి. పన్నెండు ముక్కలు కలిపి కుడితే ఒక బుల్లి దుప్పటి. మొదటి ముక్క తామే అల్లుతామని కూడా వారు సెలవిచ్చారు.

నేర్పడానికి నెలలు నిండని పిల్లల వార్డు నర్సును పిలిపించారు. ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. వార్డులో పన్నెండు మంది పిల్లలు, ఒకే ఒక్క రూమ్ హీటరు, ఉతికి ఉతికి గాలికి అడ్డం రాని దుప్పట్లు. అందరిలోకీ చిన్నవాడు ఏడో నెలలోనే పుట్టేశాడు. కిలోంబావు ఉంటాడు. వాణ్ని ఆవిడ బఠాణీ అని పిలుచుకుంటుంది. వాడి పెదవులు తెల్లారేసరికి నీలంగా కనిపిస్తే ఆవిడకి పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

“చాలా తేలికండీ. వెళ్లేటప్పుడు ఇరవైనాలుగు కుట్లు, వచ్చేటప్పుడూ ఇరవైనాలుగే. అంతే.”

“మూడు శాఖలు నడుపుతున్నానమ్మా. మూడు వరసలు అల్లలేనా?” అన్నారు మంత్రిగారు.

అల్లారు. వరస మొదలెట్టినప్పుడల్లా దారం సూది మీదకి ఒక చుట్టు ఎక్కువ పడి, ఒక కుట్టు అదనంగా పుట్టుకొస్తోంది. కొత్తవాళ్లందరికీ జరిగేదే. మధ్యాహ్నానికి ఇరవైనాలుగు కాస్తా నలభై ఒకటయ్యాయి. చదరం విసనకర్రలా విచ్చుకుంది.

“అయ్యా, ఇది పక్కలకి పెరిగిపోతోందండీ” అంది నర్సు.

“పెరుగుతోంది! రాసుకోండి” అని చుట్టూ చేరిన విలేకరులకి చెప్పి, మంత్రిగారి పీఏ ఆవిణ్ని వసారాలోకి లాక్కెళ్లాడు. “సిస్టర్, పొరపాటు అన్నారా?”

“ఇంకా అన్లేదండీ.”

“అనకండి.”

“పోనీ విప్పేసి మళ్లీ అల్లితే…”

“మంత్రిగారు వేసిన అడుగు వెనక్కి తీసుకోరు.”

“అడుగు కాదండీ, కుట్టు.”

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. నలుచదరం ఎదుగూ బొదుగూ లేని ఆకారమనీ, ఇకపై ప్రతి వరసా ముందు వరసను మించి తీరాలనీ దాని సారాంశం. అల్లికలో చెయ్యి తిరిగిన టైపిస్టు ఒకావిడ, సర్క్యులర్ చదవకుండా చక్కటి చదరం అల్లుకొచ్చి మెమో పుచ్చుకుంది.

రెండు వారాల్లో నాలుగు వందల ముక్కలు బస్తాల్లో వార్డుకి చేరాయి. నర్సూ ఆయా నేల మీద పరిచి కూర్చున్నారు. అంచుకి అంచు కలవదు. తలకిందులు చేసి చూసినా కుదరదు. ఎవరి విధేయత వాళ్లది మరి! ఒకరు వరసకి ఒక కుట్టు పెంచితే, ప్రమోషన్ దగ్గర పడ్డవాళ్లు అయిదేసి పెంచారు. నర్సుకి ఏడుపొచ్చింది.

బస్తాల అడుగున మిగిలిన ఊలు తీసుకుని, బస్సులో కొంత, భోజనాల వేళ కొంత, ఆవిడే పన్నెండు ముక్కలు అల్లి దుప్పటి కుట్టింది. బఠాణీకి కప్పింది. ఆ పూట వాడు వణుకు మాని, పాలు తాగి, హాయిగా నిద్రపోయాడు. రెండో దుప్పటికి సూదులు పట్టుకునేలోగా వార్డులో దుప్పట్ల పంపిణీ సభ వచ్చిపడింది.

మంత్రిగారు వచ్చారు, వెనకాల కెమెరాలొచ్చాయి.

“దుప్పట్లేవీ?” అన్నాడు పీఏ గొంతు తగ్గించి.

“ముక్కలైతే నాలుగు వందలున్నాయండీ. దుప్పటి ఒక్కటే.”

పీఏ బఠాణీ మీది దుప్పటి లాగి మంత్రిగారికి అందించాడు. వారు దాన్ని తిరిగి బఠాణీకే కప్పారు. ఫ్లాషులు వెలిగాయి. “ఎంత కచ్చితంగా సరిపోయిందో చూశారా! మొదటి ముక్క నాదే” అని మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. విలేకరులు కూడా తుడుచుకున్నారు.

ఫోటోలయ్యాక పీఏ దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

“అది వాడిదండీ!” అంటూ నర్సు ఒక కొస పట్టుకుంది.

“నాలుగింటికి పక్క ఊళ్లో పంపిణీ సిస్టర్. అక్కడా పిల్లలేగా?”

“అయితే అక్కడ ఇచ్చేస్తారా?”

“అక్కణ్ణుంచి ఇంకా పదకొండు ఊళ్లున్నాయి.”

ఆవిడకి ఒళ్లు మండింది. కొస వదల్లేదు. పీఏ మెత్తగా అడిగాడు: “ఊలు ఎవరిది సిస్టర్?”

ఊలు ప్రభుత్వానిదే. ఆవిడ వదిలేసింది. బఠాణీని ఎత్తి తన స్వెట్టరు లోపలికి పొదువుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషులు కాగితం పట్టుకుని వార్డుకొచ్చారు. నర్సు చదువుతుండగానే ఒకతను గోడకున్న ప్లగ్గు పీకుతున్నాడు. కాగితంలో ఇలా ఉంది: “పిల్లలందరికీ దుప్పట్లు అందినందున, వార్డులోని రూమ్ హీటరును తక్షణం మంత్రిగారి అల్లిక గదికి తరలించవలెను. చలికి వారి వేళ్లు ఆడటం లేదు.”