ఓనరు గారి విముక్తి

"యజమానుల కన్నీళ్లు ఇక చూడలేను!" అంటూ పరిశ్రమల మంత్రిగారు సభలో బల్ల గుద్ది కొత్త చట్టం ప్రకటించారు. ఒక కంపెనీలో నూటికి తొంభై వాటాలు ఒక్కరి చేతికొస్తే, మిగతా చిల్లర వాటాదార్లు ఇష్టమున్నా లేకున్నా తమవి ఆయనకే అమ్మేసి హాయిగా బతకాలి. దీని పేరు 'యాజమాన్య విముక్తి'. ఆ కన్నీళ్లు ఎవరివో మంత్రిగారు చెప్పలేదు. గొప్పవాళ్లు వివరాల్లోకి దిగరు.

గొడుగుల కంపెనీ చైర్మన్ దగ్గర తొంభైకి పైనే ఉన్నాయి. మిగిలిన కొద్దిమందిలో వీధి చివర సెలూన్ నడిపే ఆయన ఒకడు. ఆయనకున్నది ఒకే ఒక్క షేరు. సెలూన్ అద్దెది, అద్దం వాయిదాలది, షేరొక్కటే సొంతం. అందుకే వీధంతా ఆయన్ని 'ఓనరు గారు' అనేది. ఆయనా ఆ పేరుకు మచ్చ రానిచ్చేవాడు కాదు. చినుకు పడితే కత్తెర ఆపి, "మా కంపెనీకి మంచి రోజులొచ్చాయి" అనేవాడు. ఏటా వాటాదార్ల సమావేశానికి ఇస్త్రీ చొక్కాతో వెళ్లి, ముందు వరసలో లేచి నిలబడి, "చైర్మన్ గారూ, మన గొడుగు గాలికి తిరగబడుతోంది. సంగతేంటి?" అని నిలదీసేవాడు. "పరిశీలిస్తాం" అనేవాడు చైర్మన్. ఇద్దరికీ తృప్తిగా ఉండేది.

చట్టం రాగానే కంపెనీ ఆఫీసరు సెలూన్‌కొచ్చాడు. ఓనరు గారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ చుట్టి, గడ్డానికి నురగ పెట్టేశాడు.

"గడ్డానికి కాదండీ, మీ షేరు కోసం వచ్చా."

"అమ్మనండీ."

"మీరు అమ్మక్కర్లేదు. మేం కొనేశాం."

"నేను సంతకమే పెట్టలేదే!"

"ఆ శ్రమ కూడా మీకు లేకుండా చట్టం చూసుకుంది."

"మరి మీరెందుకొచ్చినట్టు?"

"అభినందించడానికి."

ఓనరు గారు ఒక చెంప గీసి, కత్తి మళ్లీ నూరడం మొదలెట్టాడు. ఆఫీసరు మిగతా గడ్డం ఇంట్లో గీసుకుంటానని లేచిపోయాడు.

మర్నాటి నుంచి వీధివాళ్లకు ఆయన్ని ఏమని పిలవాలో తెలియలేదు. ఒకరు 'మాజీ ఓనరు గారు' అని చూశారు. అది ఆయనకు మరీ గుచ్చుకుంది. వాన పడితే కిటికీ మూసేసేవాడు.

"పోనిద్దురూ, ఇకనైనా మామూలు మనుషుల్లా తడవచ్చు" అంది భార్య.

ఇంతలో సమావేశం రోజు వచ్చింది. మంత్రిగారే ముఖ్య అతిథి. హాలు నిండా కుర్చీలున్నాయి గానీ, కంపెనీకి మిగిలిన యజమాని ఒక్కడే. ఆయన వేదిక మీద కూర్చోవాలి. ఆఫీసరు పరుగున సెలూన్‌కొచ్చాడు.

"బాబాయ్, నువ్వొచ్చి ఒక్క పూట వాటాదారుగా కూర్చోవాలి. కూలీ ఇస్తాం, భోజనం పెడతాం."

"గొడుగు సంగతి అడగొచ్చా?"

"అడగాలి! గట్టిగా అడగాలి! మంత్రిగారికి ప్రజాస్వామ్యం కనపడాలి."

హాలంతా సభలకు జనాన్ని తోలే మేస్త్రీ తెచ్చిన మనుషులే. అలవాటు కొద్దీ ఒకాయన మధ్యమధ్య జిందాబాద్ కొడుతున్నాడు.

"ఈసారి ఏ పార్టీ అన్నా?" అని పక్క కుర్చీలో ఆవిడ ఓనరు గారిని అడిగింది.

"గొడుగులమ్మా."

"గుర్తు బాగుంది" అందావిడ.

ఓనరు గారు లేచాడు. గాలికి తిరగబడే గొడుగు గురించి గొంతు చించుకున్నాడు. "పరిశీలిస్తాం" అన్నాడు చైర్మన్. ఆ మాట చెవిన పడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి మంత్రిగారు కరిగిపోయారు.

"ఎంత అభిమానమయ్యా! ఎన్ని వాటాలున్నాయి నీకు?"

ఆ సంతోషంలో ఓనరు గారికి అబద్ధం నోటికి రాలేదు. "ఒక్కటీ లేదండీ. మీ చట్టం పట్టుకుపోయింది."

ఆఫీసరు కుర్చీ వెనక్కి జారాడు. మంత్రిగారు మాత్రం దిగ్గున లేచి, కిందికొచ్చి, ఓనరు గారిని కావిలించుకున్నారు.

"చూశారా! చేతిలో ఏమీ లేకపోయినా యజమానిలా పొంగిపోతున్నాడు. మా ప్రభుత్వ ఆశయం ఇదే! ఇదే పద్ధతిలో, ఈ క్షణం నుంచి ప్రజలందరినీ ప్రభుత్వానికి యజమానులుగా ప్రకటిస్తున్నాను!"

మేస్త్రీ చెయ్యి ఊపాడు. చప్పట్లతో పైకప్పు అదిరింది.

ఓనరు గారు గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు.

"ఏమేవ్, మనమిప్పుడు ప్రభుత్వానికే ఓనర్లం!"

"అబ్బో! మరి ఈ వాటా ఎప్పుడు కొనేస్తారట?"

"ఎన్నికల ముందురోజు" అన్నాడాయన గర్వంగా. "ఇంటికే వస్తార్ట."