లాలిబుట్ట తీర్మానం

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మామూలు పెద్దది కాదు, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్ళు "చిరంజీవ" అనడానికి మర్నాడయ్యేంత పెద్ద అడవిలో, ఒక ఎలుగుబంట్ల కుటుంబం ఉండేది. నాలుగు తరాలూ ఒకే గుహలో కాపురం. గుహలో ఎలుగులకి చోటు సరిపోయేది గానీ, వాళ్ళ అభిప్రాయాలకే చాలేది కాదు.

ఆ అడవికి తూర్పు కొసన తాతల కాలం నుంచీ కేరింతల వనం అని ఒకటుంది. అందులో జారుడు బండలున్నాయి, గిరగిర తిరిగే మానులున్నాయి, కొండ మీంచి నీళ్ళలోకి దబ్బున పడేసే దుంగ ఉంది. పసిపిల్లల కోసం మాత్రం లాలిబుట్ట ఉంది. వెదురుబుట్టలో పిల్లను కూర్చోబెడితే కొండముచ్చులు తీగ పట్టుకుని లాగుతారు. బుట్ట చెట్ల కొసల మీదుగా ఊగుతూ పోయి, వాగు మీద ఒక చుట్టు తిరిగి వస్తుంది. దానికి ఒకటే షరతు. గుమ్మం దగ్గర మోదుగ మొద్దు మీద ఎర్రమన్నుతో గీత గీశారు. ఆ గీతకి మించి ఎత్తున్నవాళ్ళని ఎక్కనివ్వరు.

గుహలో చిన్నకోడలు జున్నమ్మ ప్రాణమంతా ఆ గీత మీదే ఉంది. ఎనిమిది నెలల కొడుకు బుజ్జిబండని లాలిబుట్ట ఎక్కించాలని ఆమె కోరిక. దానికో కారణముంది. జున్నమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె పుట్టింటివాళ్ళు కూడా ఇదిగో వెళ్దాం, అదిగో వెళ్దాం అంటూ సరంజామా సర్దారు. తీరా గుమ్మం చేరేసరికి పిల్ల గీతకి గోరంత పైకి పెరిగిపోయింది. బుట్ట తన కళ్ళముందే ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ దుఃఖం ఆమెకి ఇంతవరకూ తీరలేదు. నా బిడ్డకి ఆ గతి పట్టనివ్వనని, వాడు పుట్టిన రోజే ఒట్టు పెట్టుకుంది.

గీతంత ఎత్తున ఒక రెల్లుపుల్ల తుంచి తెచ్చి గుహ గోడకి ఆనించింది. బుజ్జిబండని పక్కన నిలబెట్టి చూస్తే నాలుగు వేళ్ళు తక్కువున్నాడు. ఎలుగు పిల్లలు పక్షానికో వేలెడు పెరుగుతారు. అంటే రెండు నెలల గడువుంది. రెండు నెలల్లో ఒక ప్రయాణం చెయ్యలేమా అనుకుంది పిచ్చితల్లి.

ఆ మాట మామగారి చెవిన వేసింది. మామగారు జాంబయ్య రెండుసార్లు అడవి పంచాయతీ సభ్యుడిగా చేశాడు. పదవి పోయింది గానీ మీటింగుల రోగం పోలేదు.

"మంచి ఆలోచనమ్మా," అన్నాడు గడ్డం నిమురుకుంటూ. "కానీ దేనికైనా ఒక పద్ధతుంటుంది. మీటింగు పెడదాం. ఏకగ్రీవంగా తీర్మానిద్దాం. మన ఇంటి ఆనవాయితీ అది."

ఆ ఆనవాయితీ ఏమిటంటే, ఏ పని చెయ్యాలన్నా టేకు ఆకు మీద గోటితో తీర్మానం గీకాలి. ఇంటిల్లిపాదీ దాని మీద పంజా ముద్ర వెయ్యాలి. ఒక్క పంజా తగ్గినా చెల్లదు. ముద్రలయ్యాక ఆకుని భద్రంగా గుహ పక్కనున్న చెదలపుట్టలో దాచాలి. ఇంతకంటే భద్రమైన చోటు లేదని వాళ్ళ ముత్తాత చెప్పాట్ట.

ఇంకేముంది, మొదటి మీటింగులో అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. జాంబయ్య తన పేరు తనే ప్రతిపాదించుకుని, వద్దువద్దంటూనే ఒప్పుకున్నాడు. రెండో మీటింగులో మొదటి తీర్మానం చదవాలి కదా, తెస్తానని ఆయన పుట్ట దగ్గరికి వెళ్ళాడు. ఆకుని చెదలు తినేశాయి. చెదల్ని చూస్తే ఎలుగుబంటి నోరు ఊరుకుంటుందా? చెదల్ని జాంబయ్య తినేశాడు. మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చి, "రికార్డు దొరకలేదు. మళ్ళీ మొదటినుంచీ రావాలి," అన్నాడు.

అలా నాలుగు తీర్మానాలు ఆయన పొట్టలోకే పోయాయి.

జున్నమ్మ గోడ దగ్గర కొలిచింది. మూడు వేళ్ళే మిగిలాయి.

అత్తగారు ఇప్పమ్మకి వేరే బెంగ. "అంత జనంలోకి పసివాణ్ణి తీసుకెళ్తే దిష్టి తగలదూ?" అని బుజ్జిబండ బుగ్గన కాటుకచుక్క పెట్టింది. నల్లటి ఎలుగుపిల్ల మీద నల్లచుక్క ఏం కనపడుతుంది? పెట్టానో లేదోనని మళ్ళీ పెట్టింది. మూడోసారీ పెట్టింది. చుక్క ఏ రంగులో ఉండాలో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో ఇప్పమ్మ ఒక్కతే. ఆమెకీ ఆమెకీ పడలేదు. పదిరోజుల తరవాత, "సున్నపుచుక్క అయితే బావుంటుంది గానీ, బావుండదు," అని నివేదిక ఇచ్చింది.

మరిది గోళ్ళప్ప హుషారైనవాడు. "అక్కడ మనకి తెలిసినవాళ్ళున్నారు వదినా, లైన్లో నిలబడే పనే లేదు. ముందు నేను వెళ్ళి అన్నీ కనుక్కొస్తాను," అని బయల్దేరాడు. దానికి పరిశీలన యాత్ర అని పేరు పెట్టారు. మూడు రోజులకి ఒళ్ళంతా తడిసి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

"ఏం కనుక్కున్నావు మరిదీ?" అంది జున్నమ్మ.

"దబ్బుదుంగ అదిరిపోయింది వదినా! ఇంకా చాలా కనుక్కోవాలి."

అతను నాలుగుసార్లు పరిశీలించాడు.

మొగుడు పుట్టయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఏమండీ, మీరైనా ఒక మాట చెప్పండి మామయ్యతో," అని జున్నమ్మ బతిమాలితే, "నువ్వన్నది నిజమేనే. నాన్నన్నదీ నిజమే. అమ్మన్నది మరీ నిజం," అని తల మూడుదిక్కులా ఊపి పడుకునేవాడు.

జున్నమ్మకి రాత్రుళ్ళు నిద్రపట్టడం మానేసింది. తెల్లారితే కొలత. రెండు వేళ్ళు. ఒకటిన్నర.

ఆ ఇంట్లో కొలత సంగతి అడిగేది ఒక్కతే. జాంబయ్య తల్లి బూచమ్మ. ముసలిదై నడుం వంగి, వంగి, ముక్కు నేలకి రాసుకునేంతగా కుంచించుకుపోయింది. మీటింగుల్లో ఒక మూలన కునికిపాట్లు పడుతూ ఉండేది. అందరూ లేచి వెళ్ళాక, "ఏమే జున్నూ, ఇంకా ఎంతుందే?" అని అడిగేది.

"వేలెడుందవ్వా."

"హూఁ," అని మళ్ళీ కళ్ళు మూసుకునేది.

చిత్రమేమిటంటే, అన్ని మీటింగుల్లోకీ ఒక్కటి మాత్రం చిటికెలో తేలిపోయింది. వనానికి వెళ్ళాక బిడ్డను ఎవరు చూసుకోవాలి అన్నది. ఎవరికి వాళ్ళకి దబ్బుదుంగ ఎక్కాలని లోపల ఉంది. పైకి మాత్రం ఎవరూ అనరు.

"నాకు మోకాళ్ళు," అంది ఇప్పమ్మ. ఆ మోకాళ్ళు దుంగకి అడ్డం రావు మరి.

"నాకు పర్యవేక్షణ ఉంటుంది," అన్నాడు జాంబయ్య.

"నేను పరిశీలించాలి," అన్నాడు గోళ్ళప్ప.

అందరూ ఒక్కసారే మూలకి చూశారు. బూచమ్మ గుర్రుపెడుతోంది.

"ముసలిప్రాణానికి ఆటలేం కావాలి! బిడ్డను వీపునేసుకుని నీడపట్టున కూర్చుంటుంది," అన్నాడు జాంబయ్య. జున్నమ్మ ఏదో అనబోతే, "ప్రయాణం జరగాలా వద్దామ్మా?" అన్నాడు. ఆమె ముద్ర వేసింది. గోళ్ళప్ప ఆకు మీద గీకాడు: "కేరింతల వనం గుమ్మం దాటింది మొదలు తిరిగి ఇల్లు చేరేదాకా బుజ్జిబండ క్షణమైనా బూచమ్మ వీపు దిగరాదు." ముసలమ్మ పంజా పట్టుకుని దాని మీద అద్దారు. ఆమెను ఎవరూ అడగనే లేదు.

ముద్ర వేస్తుండగా బూచమ్మకి మెలకువొచ్చింది. "ఆ ఆకు ఇలా ఇయ్యరా, ఈగలు తోలుకుంటాను."

"అమ్మా, అది రికార్డు!"

"నీ రికార్డులన్నీ చివరికి నీ పొట్టలోకే కదరా పోయేది," అని ఆమె ఆకు లాక్కుని చంకలో పెట్టుకుంది.

ఆ తరవాత మీటింగు, దారిలో ఎవరి వెనక ఎవరు నడవాలన్న దాని మీద. పొద్దుననగా మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. జున్నమ్మ మధ్యలో లేచి వెళ్ళి గోడ దగ్గర కొలిచింది. గోరంత తక్కువుంది. గోరంటే గోరే!

వెంటనే బుజ్జిబండని వీపున వేసుకుని, "నేను వెళ్తున్నాను. మీరు తేల్చుకుని రండి," అని గుహ దాటేసింది.

"కోరం లేకుండా ఎలా వెళ్తావమ్మా!" అని జాంబయ్య కేక పెట్టాడు. ఆమె వెనక్కి చూడలేదు. దాంతో అందరూ ఇప్పపువ్వు మూటలూ తేనె దొప్పలూ ఎండుగడ్డి పరుపులూ నెత్తిన పెట్టుకుని ఆమె వెనక పరుగెత్తారు. మీటింగు దారిలోనే కొనసాగింది.

దారిలో ఇప్పమ్మ కూలబడింది. "నక్కతోక తొక్కకుండా శుభకార్యానికి ఎలా వెళ్తాం? బిడ్డకి కీడే!" అంది. కీడు అనేసరికి జున్నమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఏ తల్లి కాళ్ళైనా ఆగుతాయి. అందరూ నక్క కోసం వెతికారు. నక్క దొరికింది గానీ, విషయం విని తోక మీద కూర్చుంది. "మీ అదృష్టం కోసం నా తోకా? నా సంగతేమిటి?" అంది. దాన్ని బతిమాలి తొక్కేసరికి ఒక పగలంతా పోయింది. ఈలోగా, "బిడ్డ ప్రయాణంలో వాడిపోయాడర్రా," అంటూ తలా ఒక దొప్పెడు తేనె వాడి నోట్లో పోశారు.

గుమ్మం దగ్గర ఒక కుందేలు గుమాస్తా ఉంది. రూలంటే దానికి ప్రాణం. బుజ్జిబండని బుట్ట ఎక్కించాలంటే, "మొద్దు దగ్గర నిలబెట్టండి," అంది.

నిలబెట్టారు. గోరంత ఎక్కువ.

పుట్టయ్య వాడి నెత్తిన చెయ్యి పెట్టి మెల్లిగా అదిమాడు. వాడు అదేదో ఆటనుకుని కిలకిలా నవ్వి మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు రెండు గోళ్ళు ఎక్కువ," అంది కుందేలు.

జున్నమ్మ అక్కడే చతికిలబడిపోయింది. ఏడుపు ఆగలేదు. ఎదురుగా ఖాళీ బుట్ట, అదే బుట్ట, ఊగుతూ ఉంది. జాంబయ్య ఇప్పమ్మ వల్లే అన్నాడు. ఇప్పమ్మ నక్క వల్లే అంది. గోళ్ళప్ప, "నేను ముందే పరిశీలించాను," అన్నాడు. పుట్టయ్య అందరికీ తల ఊపాడు.

"సరే, జరిగిందేదో జరిగింది," అన్నాడు జాంబయ్య, కళ్ళు దబ్బుదుంగ వైపు తిప్పుతూ. "వచ్చినవాళ్ళం ఊరికే పోతామా? అమ్మా, బిడ్డను వేసుకో," అని తనే బుజ్జిబండని ఎత్తి బూచమ్మ వీపున కూర్చోబెట్టాడు. తోవలో అంత తేనె తాగిన పిల్లా, ఆ వంగిన ముసలమ్మా, ఎవరు ఎవర్ని మోస్తున్నారో తెలియకుండా ఉంది.

బూచమ్మ నీడపట్టుకి వెళ్ళలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి మోదుగ మొద్దుకి ఆనుకుని నిలబడింది.

"నన్ను కొలవవయ్యా."

కుందేలు కొలిచింది. గీతకి రెండు వేళ్ళు తక్కువ. రూళ్ళన్నీ ముందుకీ వెనక్కీ తిరగేసింది. "వయసు మాట ఎక్కడా రాయలేదు. గీత ఒక్కటే ఉంది. అవ్వగారు ఎక్కవచ్చు. కానీ బిడ్డ దిగాలి."

బూచమ్మ చంకలోంచి టేకు ఆకు తీసిచ్చింది. కుందేలు చదివింది. ముద్రలు లెక్కపెట్టింది. దాని మీసాలు వణికాయి. "ఏకగ్రీవం! నా సర్వీసులో ఇంత నికార్సైన ఆకు చూడలేదండీ. క్షణమైనా వీపు దిగరాదు అని స్పష్టంగా ఉంది. దింపడానికి నాకు అధికారం లేదు."

"ఆ తీర్మానం రద్దు చేస్తున్నాం!" అని అరిచాడు జాంబయ్య.

"రద్దుకీ అందరి ముద్రలూ ఉండాలి కదండీ."

"నేను వెయ్యను," అంది బూచమ్మ.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "మా నాన్నా మీటింగే పెట్టాడురా. నేనూ గోరంత పెరిగిపోయాను. నీ వంతొచ్చినప్పుడు మీ నాన్న పెట్టాడు. నువ్వు మూడు రోజులు తిండి మానేసి ఏడ్చావు, మర్చిపోయావా?"

జాంబయ్య పక్కకి తప్పుకున్నాడు.

బుట్ట కదిలింది. కొండముచ్చులు "అమ్మో, అమ్మో" అని మూలుగుతూ లాగుతుంటే, బుట్ట చెట్ల కొసలు దాటింది. వాగు మీదికి పోయింది. పైనుంచి రెండు కేరింతలు వినపడ్డాయి. ఏది బిడ్డదో ఏది ముసలిదో ఎవరూ పోల్చుకోలేకపోయారు. జున్నమ్మ మొద్దు పట్టుకుని పైకి చూస్తూ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. తన చిన్నప్పటి బుట్ట ఇన్నాళ్ళకి నిండుగా వెళ్ళింది.

మిగతావాళ్ళు దబ్బుదుంగ వైపు పరుగెత్తబోయి ఆగిపోయారు. ఇన్ని మూటలున్నాయి. సామాను దగ్గర ఎవరుండాలి?

"మీటింగు పెడదాం," అన్నాడు జాంబయ్య.

బూచమ్మ, బుజ్జిబండ ఏడు చుట్లు తిరిగి దిగేసరికి మీటింగు అవ్వలేదు గానీ, వనం మూసే వేళయింది.

తిరుగు ప్రయాణమవుతుండగా జాంబయ్య అందరికంటే వెనకపడ్డాడు. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, మొద్దుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నాకెంత ఎక్కువుందయ్యా?" అని గుసగుసగా అడిగాడు.

"రెండు మూరలండీ," అంది కుందేలు. "ఎక్కడికీ పోదులెండి బుట్ట."

నీతి: పిల్లల్లారా, తొందరపడకండి, ఇంట్లో మీటింగు తేలేసరికి మీరు మళ్ళీ చిన్నవాళ్ళవుతారు.