చల్లగదిలో కొబ్బరి సలాడ్

ప్రాచీన చలనచిత్రాన్ని పరిరక్షించాలంటే ముందుగా కావలసింది అధికారి ముఖం అచ్చేసిన టార్పాలిన్ బ్యానరు. ఈ మౌలిక సత్యం తెలియకే మనీలాలో బోలెడు సినిమాలు మట్టికొట్టుకుపోయాయని సంరక్షణ కార్యాలయం డైరెక్టరు మకారియో దుమ్లావ్ గారి నిశ్చితాభిప్రాయం. ఆయన టార్పాలిన్ రెండంతస్తుల ఎత్తుంది. (సినిమా పేరు అడుగున ఉంది. వంగితే కనబడుతుంది.)

ముసలమ్మ క్రిసాంతాకు మాత్రం ఒక్కటే బెంగ. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఆ సినిమాకు మిగిలిన ఒకే ఒక్క నకలు ఆమె ఒళ్లో, బిస్కెట్ల డబ్బాలో ఉంది. అందులో చర్చి ఉత్సవం గుంపులో ఆమె తల్లి ఒక్కసారి వెనక్కి తిరిగి నవ్వుతుంది. తల్లిది ఇంకే ఫోటో మిగల్లేదు. డబ్బాలోంచి అప్పుడే వెనిగర్ వాసన వస్తోంది, అంటే ఫిల్ము కుళ్లుపట్టిందన్నమాట.

"అడోబో కూర ఎవరు తెచ్చారర్రా, వెనిగర్ ఘుమఘుమలాడిపోతోంది!" అంది డైరెక్టరు గారి భార్య.

"కూర కాదమ్మా, సినిమా," అంది క్రిసాంతా. "డైరెక్టరు బాబూ, ఫిల్ములు దాచడానికి కొత్త చల్లగది కట్టారుగా, ముందు దీన్ని లోపల పెట్టించు నాయనా."

డైరెక్టరు గారు తలుపు తీసి చూపించారు. ప్రారంభోత్సవ విందు తాలూకు కొబ్బరి సలాడ్, లెచె ఫ్లాన్ పుడ్డింగు, ఐస్‌క్రీం అరల నిండా కొలువుదీరి ఉన్నాయి.

"సినిమాకేం అమ్మమ్మా, ఎనభై ఏళ్లు ఆగింది. సలాడ్ ఆగుతుందా?"

ఆ తర్కానికి తిరుగులేదు. డబ్బాకు పూలదండ వేసి, ఎండలో వేదిక మీద కూర్చోబెట్టారు. (గౌరవార్థం.) ప్రార్థన, జాతీయ గీతం, గుమాస్తాల నృత్యం, మేయరు గారి ప్రతినిధికి ప్రతినిధిగా వచ్చినాయన ప్రసంగం, ఆపైన ఫోటోలు. దిగినవాళ్లే మళ్లీ దిగారు.

"బాబూ, డబ్బా కాలిపోతోందయ్యా!"

"నవ్వండి అమ్మమ్మా, వీడియో తీస్తున్నారు."

సలాడ్ అయిపోయాక గది ఖాళీ అయింది. డబ్బా తెరిచారు. ఫిల్మంతా ఒకటే ముద్దయి అతుక్కుపోయింది. క్రిసాంతా దాన్ని తడిమి, "అమ్మా!" అని బావురుమంది.

డైరెక్టరు గారూ చలించిపోయారు. ఇలాంటి నష్టం మళ్లీ జరగరాదని ప్రారంభోత్సవం వీడియోను అక్కడికక్కడే చల్లగదిలో భద్రం చేయించారు.

"ఊరుకోండి అమ్మమ్మా. ఇందులో మీరూ ఉన్నారు. వందేళ్లదాకా ఢోకా లేదు."

నిజమే, ఉంది. గుంపులో, ఓ చివర, ఒక్కసారి డబ్బా కేసి తిరిగి చూస్తుంది. నవ్వమన్నారు కనక నవ్వుతుంది.